మా నాయనమ్మ చెక్క గరిటె

ఓక్లండ్,
జనవరి 9

ఆల్తియా అత్తకి,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా "ఫోన్‌లో అందరూ బాగానే ఉంటారు, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. ఇదిగో రాస్తున్నాను. ఉత్తరంలో కూడా బాగానే ఉన్నాను.

బడివాళ్ళు నాకు గది ఇచ్చారు. నిన్నమొన్నటిదాకా అల్లరి చేసిన పిల్లల్ని తెచ్చి గోడవైపు తిప్పి కూర్చోబెట్టిన గది అది. గోడ మీద గోళ్ళతో గీసిన గీతలు ఇంకా ఉన్నాయి. రంగు వేయిస్తామంటే వద్దన్నాను. బల్లలన్నీ బయటికి పంపేసి కుర్చీలు గుండ్రంగా వేయించాను.

మన్రోలో ఏళ్ళ తరబడి ప్రిన్సిపాల్‌గా ఏలినదానివి, "సర్కిల్" అనగానే నువ్వు మూతి ముడుస్తావని తెలుసు. అయినా చెప్తాను. తప్పు చేసినవాళ్ళు, నష్టపోయినవాళ్ళు, వాళ్ళ తాలూకు మనుషులు అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఒక వస్తువు చేతులు మారుతూ తిరుగుతుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మిగతావాళ్ళు నోరు మూసుకుని వినాలి, ప్రిన్సిపాల్‌తో సహా. ఏం జరిగింది, ఎవరికి దెబ్బ తగిలింది, ఎలా సరిచేద్దాం, ఇవే ప్రశ్నలు. ఈ బడిలో మన నల్లవాళ్ళ పిల్లలు సగం కూడా లేరు. శిక్షగా ఇంటికి పంపేసిన పిల్లల్లో మాత్రం ముప్పాతిక మంది మనవాళ్ళే. ఆ లెక్క మార్చడానికే నన్ను పెట్టుకున్నారు, నేను మారుస్తాను.

మొదటి కేసే పెద్దది. జమైరా అని ఏడో తరగతి పిల్ల. క్రిస్మస్ సెలవులకి ముందు సైన్సు క్లాసులో కోపమొచ్చి చేపల తొట్టి ఉన్న స్టాండుని తోసేసింది. తొట్టి పగిలింది, ఆరు చేపలూ చచ్చాయి. సైన్సు చెప్పే విట్లాక్ గారు ఆ పిల్ల ఇంక నా కంట పడకూడదని కూర్చున్నారు. ఫిబ్రవరి ఆఖరులోగా ఇద్దరికీ రాజీ కుదరకపోతే ప్రిన్సిపాల్ ఆమెని వేరే బడికి మార్చేస్తుంది. తల్లి పోయిన పిల్ల, అమ్మమ్మ పెంచుతోంది. ఇది ఇప్పటికే మూడో బడి. ఇక్కడే మొదటిసారి ఒకచోట కుదురుకుంది, బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తోంది. నేనామెని పోనివ్వను.

సర్కిల్లో తిప్పడానికి ఒక వస్తువు కావాలి. మామూలు బొమ్మా కర్రా కాదు, ఒక కథ ఉన్న వస్తువు. నాయనమ్మ చెక్క గరిటె నీ దగ్గరే ఉంది కదా. పంపుతావా?

నీ నెరిస్సా

*

మన్రో, లూసియానా
జనవరి 17

కోడలు పిల్లకి,

ఆరు చేపల్ని చంపిన పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మా, నీ మనసులో ఏముంది తల్లీ" అని అడుగుతావా? నా హయాంలో అయితే ఆ సాయంత్రానికే ఇంటికి పంపేదాన్ని. మర్నాడు అమ్మమ్మ పరిగెత్తుకొచ్చేది, మూడో రోజుకి పిల్ల దారికొచ్చేది. నా బడిలో గోడలు శుభ్రంగా ఉండేవి, గోళ్ళ గీతలు లేవు. నా మాట నమ్మకపోతే మీ నాన్నని అడుగు. కానీ నువ్వు వినవు. మొండితనం మన గిడియన్ల ఇంటి సొత్తు, నీ వాటా నువ్వు తీసుకున్నావు, నీ తమ్ముడి వాటా కూడా నువ్వే తీసుకున్నావు.

ఆడపిల్ల చేతిలో ట్రాంబోన్ మాత్రం నాకు నచ్చింది. అది వాయించాలంటే ఊపిరి ఉండాలి.

గరిటె ఈ పెట్టెలోనే ఉంది. విరగకుండా తువ్వాలు చుట్టాను. ఆ తువ్వాలు కూడా నువ్వే ఉంచుకో. దాని సంగతి నీకు తెలియనిదేముంది, ప్రతి పండక్కీ మీ నాన్న చెప్పి చెప్పి అందరి పొట్టలూ చెక్కలు చేస్తాడుగా. మా అమ్మ దానితో బెండకాయల గంబో పులుసు కలిపేది, అదే ఊపులో మమ్మల్ని కూడా కలిపేది. మీ నాన్న మంచం కిందికి దూరితే గరిటె పొడుగు చాలక చీపురు కట్టకి కట్టి మరీ అందుకుంది. "ఆ గరిటె మమ్మల్ని మనుషుల్ని చేసింది" అని వాడు గ్లాసు ఎత్తుతాడు, అందరూ ఎత్తుతారు. మా నోళ్ళు మూయించిన గరిటె ఇప్పుడు నోళ్ళు తెరిపిస్తుందన్నమాట. చూద్దాం.

పని అయ్యాక తిరిగి పంపక్కర్లేదు. ఇక్కడ చోటు లేదు.

మీ అత్త
ఆల్తియా

*

ఓక్లండ్,
జనవరి 29

అత్తా,

గరిటె అందింది. ఎంత నున్నగా ఉంది! పిడి దగ్గర నాయనమ్మ బొటనవేలు ఆనిన చోట గుంట పడింది. నా వేలు కూడా అక్కడే సరిగ్గా కూర్చుంది. చోటు లేదంటావేం, ఇల్లంతా ఖాళీయే కదా నీది?

అందరితో విడివిడిగా మాట్లాడాలి ముందు, అది మా పద్ధతి. విట్లాక్ గారితో మాట్లాడాను. తెల్లాయన, కొండ మీది ఇంటి నుంచి సైకిల్ మీద వస్తారు, వానలో తడిసిపోయి మరీ. చేపల సంగతి అడగ్గానే ఆయన కళ్ళల్లో నీళ్ళు. నవ్వకు. నాలుగేళ్ళు పెంచారట. జింజర్, పెప్పర్, బిస్కట్, అలా ఒక్కోదానికి ఒక్కో పేరు. ఏది ఎప్పుడు తింటుందో, ఏది దేన్ని చూస్తే దాక్కుంటుందో అన్నీ చెప్పారు. "ఆ పిల్ల చూస్తూ చూస్తూ తోసేసింది, ఎందుకని అడిగితే ఒక్క మాట చెప్పలేదు" అన్నారు. చెడ్డమనిషి కాదు. వస్తానన్నారు.

జమైరా వచ్చి కూర్చుంది, నా ముందు చేతులు కట్టుకుని. "ఏం జరిగింది?" అన్నాను. "చేపలు చచ్చాయి" అంది. "అంతకుముందు?" "అంతకుముందు బతికున్నాయి." చూశావా, ఎవరికీ తీసిపోదు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం, "చెప్తే మాత్రం ఎవరు వింటారు మిస్?" అంది. వింటారమ్మా, అదే నా ఉద్యోగం అన్నాను.

వాళ్ళ అమ్మమ్మ వర్డెల్ గారు ఆసుపత్రి లాండ్రీలో చేస్తారు. కలుద్దామంటే తీరిక లేదు, ఫోన్‌లోనే మాట్లాడాను. "మా పిల్లని తిట్టడానికి ఇంకో గది కట్టారా?" అన్నారు. కాదని ఎంతో చెప్పాను, చివరికి ఒప్పుకున్నారు. గురువారం అందరం కూర్చుంటున్నాం. ఆ పిల్లా, అమ్మమ్మా, విట్లాక్ గారూ, ప్రిన్సిపాల్, అదే క్లాసులో ఉన్న కియానా అనే మనవాళ్ళ పిల్ల. నాయనమ్మ కథతో మొదలుపెడతాను. అందరూ నవ్వితే సగం మంచు కరుగుతుంది. నాకేమీ భయం లేదు అత్తా.

నెరిస్సా

*

ఓక్లండ్,
ఫిబ్రవరి 6

అత్తా,

అంతా చెడింది.

గరిటె పట్టుకుని కథ చెప్పాను. మంచం, చీపురు కట్ట, అన్నీ నాన్న చెప్పినట్టే. ప్రిన్సిపాల్ నవ్వింది. విట్లాక్ గారు మొహమాటానికి నవ్వారు. నా ఎడమపక్క జమైరా కూర్చుంది. గరిటె ఆమెకి అందించాను. ఆమె తీసుకోలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. ఇంకోసారి అందించాను. కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

అప్పుడు వర్డెల్ గారు లేచారు. "ఏవమ్మా, చదువుకున్నదానివి. నన్ను నలుగురి ముందు నిలబెట్టడానికా దీన్ని తెచ్చావు?" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. కాదండీ, ఇది మా నాయనమ్మది అంటున్నాను. "మీ నాయనమ్మదయితే మీ ఇంట్లో పెట్టుకో. నేనేం చేస్తానో, ఎలా పెంచుతానో చెప్పించడానికి నా పిల్ల చేతిలో పెడతావా? పదవే" అని పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. జమైరా వెనక్కి తిరిగి ఒక్కసారి చూసింది. కోపంగా కూడా చూడలేదు. నేను కూడా అంతేనని ముందే తెలిసినట్టు చూసింది.

విట్లాక్ గారు "నేనైతే మాట ప్రకారం వచ్చాను" అని సైకిల్ తీసుకుని పోయారు. ప్రిన్సిపాల్ గడువు పెంచనంది. మార్చి మొదటి వారంలో వేరే బడికి కాగితాలు వెళ్తాయి.

గరిటెలో ఏముంది అత్తా? మనింట్లో చిన్నప్పటి నుంచి నవ్వుకున్న కథే కదా. నేను ఏం తప్పు చేశానో నాకు తెలియడం లేదు. నీకు తెలిస్తే చెప్పు. వెక్కిరించాలనిపిస్తే వెక్కిరించు, కానీ చెప్పు.

నెరిస్సా

*

మన్రో,
ఫిబ్రవరి 11

నెరిస్సా,

వెక్కిరించను.

మీ నాన్న ఆ కథ చెప్పినప్పుడల్లా నేనెక్కడ ఉంటానో ఎప్పుడైనా గమనించావా? వంటింట్లో. గిన్నెలు కడుగుతూ. నవ్వు వినిపించేలోపు పంపు గట్టిగా తిప్పుతాను.

మన జనానికి ఇదొక అలవాటు. దెబ్బలు తిన్న కథలు పండగ భోజనంలోకి వడ్డించుకుంటాం. ఎవరు ఎక్కువ తిన్నారో వాళ్ళ కథే గొప్ప కథ. నవ్వుతూ చెప్పకపోతే చెప్పలేం కాబట్టి నవ్వుతూ చెప్తాం. నువ్వు పుట్టేసరికి నవ్వు ఒక్కటే మిగిలింది. ఆ నవ్వునే నువ్వు తీసుకెళ్ళి, ఇంకా వీపు మంట తగ్గని పిల్ల ముందు పెట్టావు. ఆ గరిటె లాంటిది వాళ్ళింట్లో కూడా ఉండే ఉంటుంది. ఆ అమ్మమ్మకి నువ్వు కథ చెప్పినట్టు అనిపించలేదు, వేలెత్తి చూపినట్టు అనిపించింది.

నేను ఆ గరిటెతో ఎన్నడూ వండలేదు. అమ్మ పోయినప్పుడు చెల్లెళ్ళు గాజులూ టోపీలూ పంచుకుంటే నేను గరిటె తీసుకున్నాను. ఎందుకంటే అది ఇంకెవరింటికీ వెళ్ళకూడదు. పొయ్యిలో పెట్టలేను, అమ్మ చెయ్యి పట్టిన వస్తువు. వాడలేను. ముప్పై ఏళ్ళు పెట్టెలో ఉంది. నువ్వు అడిగితే సంబరంగా పంపేశాను, వదిలిందని. నీకో మాట చెప్పి పంపవలసింది, చెప్పలేదు.

నాకు ఒకసారి పడ్డ దెబ్బలు మీ నాన్నకి పడ్డవాటిలాంటివి కావు. ఎందుకు పడ్డాయో ఇప్పుడు చెప్పను.

నీ సర్కిళ్ళ మీద నా అభిప్రాయం మారలేదు. కానీ పిల్లని ఊరికే పోగొట్టుకోకు. వర్డెల్ గారింటికి వెళ్ళు. ఫోన్ చెయ్యకు, వెళ్ళు. ఏదైనా తినేది తీసుకెళ్ళు, కొన్నది కాదు, చేసింది. గుమ్మంలోనే నీ తప్పు నీ నోటితో చెప్పు. "నా ఉద్దేశం అది కాదండీ" అని మాత్రం అనకు. ఆ మాట విని విని చెవులు తూట్లుపడి ఉంటాయి ఆవిడకి.

ఆల్తియా

*

ఓక్లండ్,
ఫిబ్రవరి 17

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, నాన్నకి ఫోన్ చెయ్యబోయి మానేశాను. అది నువ్వు చెప్పవలసింది, నేను కాదు.

పౌండ్ కేకు చేశాను. నీ అంత బాగా రాలేదు, నడుం కుంగింది. ఆదివారం చర్చి అయ్యాక వర్డెల్ గారింటికి వెళ్ళాను. ఆవిడ తెల్ల టోపీ ఇంకా తియ్యలేదు. తలుపు సగమే తెరిచారు. "మిమ్మల్ని అడగకుండా ఆ గరిటె తెచ్చాను. మా ఇంటి దెబ్బల్ని జోకుగా చెప్పాను. మీ ఇంటి పిల్ల ముందు చెప్పాను. నాది తప్పు" అన్నాను. ఆపైన ఒక్క మాట కూడా కలపలేదు, నువ్వన్నట్టే. ఆవిడ నన్నూ, కేకునీ చూశారు. "ఇదేంటి, మధ్యలో కూలిపోయింది?" అన్నారు. "నాలాగే" అన్నాను. తలుపు తీశారు.

చాలాసేపు కేకు గురించే మాట్లాడారు. కేకు కాలుతుంటే మధ్యలో పొయ్యి తలుపు తెరిచి ఉంటావు, నీకు ఓపిక లేదు అన్నారు. తర్వాత ఉన్నట్టుండి, "ఒక్కసారే కొట్టాను" అన్నారు. "దాని తల్లి పోయిన ఏడు. ఎందుకో కూడా గుర్తులేదు నాకు. దానికి గుర్తుంది." నేనేమీ అనలేదు. మా పనిలో కష్టమైనది అదే, ఏమీ అనకుండా ఉండడం. ఆవిడ పళ్ళెం కడిగి నా చేతికిస్తూ, "ఇంకోసారి వస్తాను. దాని కోసం. నీ కోసం కాదు" అన్నారు.

జమైరాని ఈసారి వేరేగా అడిగాను. చేతిలో తిప్పే వస్తువు నువ్వే తీసుకురా, నీకిష్టమైనది అన్నాను. మర్నాడు జేబులోంచి ఒక గులకరాయి తీసింది. బూడిద రంగు, చిన్న నాణెమంత ఉంటుంది. ఆ తొట్టి అడుగున పరిచిన రాళ్ళలో ఒకటి. ఆ రోజు గాజు పగిలి అందరూ గోల పెడుతుంటే కింద కూర్చుని ఏరిందట. "దీన్ని తెస్తే సార్‌కి కోపమొస్తుందా?" అంది. వస్తే రానీ, వస్తువు నీది అన్నాను.

బుధవారం 26న కూర్చుంటున్నాం. ఈసారి నాకు భయంగా ఉంది. అయినా చేస్తాను. నాకు ఈ పని వచ్చు అత్తా, మొదటిసారి నా ఇంటి కథని నమ్ముకున్నాను, అంతే.

నెరిస్సా

*

మన్రో,
ఫిబ్రవరి 24

కోడలు పిల్లకి,

కేకు కాలుతుంటే పొయ్యి తలుపు తెరిచావా? గిడియన్ల ఇంట పుట్టి? ఈ ఒక్క తప్పుకీ ఏ సర్కిల్లోనూ క్షమాపణ లేదు.

నీ కబురు కోసం రోజూ పోస్టు పెట్టె దాకా నడుస్తున్నాను. పోస్టు తెచ్చే కుర్రది "ఎవరైనా అబ్బాయి రాస్తున్నాడా మిస్ ఆల్తియా?" అని నవ్వుతోంది. జరిగింది జరిగినట్టు రాయి. ఓడిపోతే కూడా రాయి.

అత్త

*

ఓక్లండ్,
ఫిబ్రవరి 27

అత్తా,

జరిగింది జరిగినట్టే రాస్తున్నాను, కూర్చుని చదువు.

నిన్న వాన. అందరూ తడి గొడుగులతో వచ్చారు. విట్లాక్ గారు గులకరాయిని చూసి పోల్చుకున్నారు. తలుపు వైపు చూశారు, కానీ కూర్చున్నారు. మేమెప్పుడూ అసలు తగవుతో మొదలుపెట్టం. ముందు ఒక తేలిక ప్రశ్న, మనుషులు మనుషుల్లా కనబడడానికి. నిన్నటి ప్రశ్న, నీ పేరు ఎవరు పెట్టారు?

ప్రిన్సిపాల్ చెప్పింది. కియానా చెప్పింది, తనకి పేరు పెట్టింది మేనత్త అట, అది విని నువ్వు గుర్తొచ్చావు. వర్డెల్ గారు, "మా నాన్న. మగపిల్లాడు పుడితే వర్డెల్ అనుకున్నాడు, నేను పుట్టినా పేరు మార్చలేదు" అన్నారు. అందరం నవ్వాం. ఈసారిది మంచి నవ్వు. రాయి జమైరా చేతికొచ్చింది.

"మా తాత జేమ్స్. ముత్తవ్వ మైరా. రెండూ కలిపి మా అమ్మ పెట్టింది" అంది. ఆగింది. రాయి పక్కవాళ్ళకి ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. "అమ్మ పోయింది. ఈ పేరు ఉంది. సార్‌కి నా పేరు తెలీదు."

విట్లాక్ గారు నోరు తెరవబోయారు. నేను చెయ్యి ఎత్తాను, రాయి ఆమె దగ్గరుంది.

"సెప్టెంబరు నుంచీ నన్ను కియానా అంటారు. కియానాని జమైరా అంటారు. మొదట్లో దిద్దాను. సారీ అన్నారు, మళ్ళీ అదే. ఒకరోజు మా ఇద్దరి పేపర్లూ తారుమారు చేసి ఇచ్చారు. దిద్దడం మానేశాను. ఆ రోజు నేను లెక్కలు చేసుకుంటున్నాను. కియానా మాట్లాడుతోంది. 'జమైరా, బయటికి పో' అన్నారు. నేను కాదు సార్ అంటే, ఎదురు చెప్పకు అన్నారు. పుస్తకాలు సర్దుకుంటున్నాను. ఎవరో పిల్లాడు చేపలకి మేత వేస్తూ పెప్పర్ తింటోంది సార్ అన్నాడు. సార్ దూరం నుంచే చూసి, 'అది పెప్పర్ కాదు, బిస్కట్' అన్నారు." విట్లాక్ గారి వైపు తిరిగింది. "ఆరు చేపలు సార్. ఆరూ ఒకే రంగు. ఒక్కదాన్ని కూడా ఎప్పుడూ తప్పు పిలవలేదు మీరు. మేం ఇద్దరమే."

కియానా తల వంచుకుని ఏడుస్తోంది. నాకు తెలియలేదు అత్తా, ఇన్ని రోజులు ఆమెతో మాట్లాడి కూడా.

జమైరా ఇంకా వదల్లేదు. "చేపల తప్పేం లేదు. అది నాకు తెలుసు. ఒకటి నా చేతిలోనే చచ్చిపోయింది. అది ఏదో నాకు తెలీదు" అని రాయి ఆయనకి ఇచ్చింది.

ఆయన దాన్ని అరచేతిలో తిప్పారు. "నేను కావాలని..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. వర్డెల్ గారు ఆయన్నే చూస్తున్నారు. ఆయన ఆ మాట పూర్తి చెయ్యలేదు. దానికి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. తర్వాత, "దాని తోక చివర నల్లటి చుక్క ఉందా?" అన్నారు.

జమైరా తలూపింది.

"అది పెప్పర్." ముఖం తుడుచుకున్నారు. "నువ్వు చెప్పింది నిజం. నేను చేపల్ని చూశాను, మిమ్మల్ని చూడలేదు. నాకు ఇంకోసారి చెప్తావా, నీ పేరు ఎవరు పెట్టారో?" ఆమె మళ్ళీ చెప్పింది, జేమ్స్, మైరా. ఆయన "జమైరా" అన్నారు. కియానా వైపు తిరిగి ఆమె మేనత్త పేరు కూడా అడిగారు.

వర్డెల్ గారు తన వంతు రాగానే, "ఇది చేపల్ని చంపినందుకు తలదించుకోవాలి, దించుకుంటుంది. దాని పేరు పలకనందుకు మీరు తలదించుకున్నారు. సరే, ఇప్పుడు అందరూ తలలెత్తండి, పని చూద్దాం" అన్నారు. నేను చెప్పవలసిన మాట ఆవిడే చెప్పేశారు. నాకు ఉద్యోగం పోతుందేమో.

కుదిరిన రాజీ ఇది. కొత్త తొట్టి ఇద్దరూ కలిసి పెడతారు, బడి అయ్యాక, వేసవి దాకా చూసుకునే బాధ్యత జమైరాది. ఆయన తన ప్రతి క్లాసునీ నా గదికి తీసుకొచ్చి పేర్ల సర్కిల్ పెట్టించుకుంటారు, ఎవరి పేరు ఎవరు పెట్టారో వినడానికి. బడి మార్చే కాగితాలు వెనక్కి తీసుకోమని ఆయనే అడిగారు. ప్రిన్సిపాల్ మా ముందే చింపింది. జమైరా ఇక్కడే ఉంటుంది అత్తా! ఇవాళ పొద్దున బ్యాండు గదిలోంచి ట్రాంబోన్ వినబడింది. ఏం బాగాలేదు, ఆవు అరిచినట్టుంది. నిలబడి విన్నాను.

ఇంకొకటి. అందరూ వెళ్ళాక జమైరా గుమ్మం దగ్గర ఆగింది. నా బీరువా వైపు చూపించి, "మిస్, ఆ గరిటె దెబ్బలు తిన్నదెవరు?" అంది. మా నాన్న, మా అత్త అన్నాను. "మీ నాన్న కథ చెప్పారు కదా. మీ అత్తని ఎవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదన్నాను.

అడుగుతున్నాను అత్తా. చెప్పాలని లేకపోతే చెప్పకు. మా దగ్గర చెప్పకుండా రాయి పక్కవాళ్ళకి ఇచ్చే హక్కు అందరికీ ఉంది. గరిటెని ఏం చెయ్యమంటావో మాత్రం చెప్పు.

నెరిస్సా

*

మన్రో,
మార్చి 8

కోడలు పిల్లకి,

నీ ఉత్తరం పోస్టు పెట్టె దగ్గరే నిలబడి చదివాను. ఆ కుర్రది "చెడు కబురా?" అంది. కాదే, మేం గెలిచాం అన్నాను. మేం అనేశాను, ఏం చేస్తావో చేసుకో.

అయినా ఒప్పుకోను. పిల్ల తొట్టి పగలగొట్టకముందే ఆ సార్‌ని కూర్చోబెట్టి ఉంటే ఆ చేపలు బతికి ఉండేవి. నీ సర్కిళ్ళు గొడవ అయ్యాక కాదు, సెప్టెంబరులో బడి తెరిచిన మొదటి రోజునే పెట్టాలి. మీ ప్రిన్సిపాల్‌కి నేను చెప్పానని చెప్పు.

ఇప్పుడు, ఆ పిల్ల అడిగిన దానికి జవాబు.

నాకు తొమ్మిదేళ్ళు. అమ్మతో తెల్లవాళ్ళ కొట్టుకి వెళ్ళాను, పిండి కోసం. కొట్టువాడు ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రాడు. మా అమ్మని "ఏమే పిల్లా, నీకేం కావాలి?" అన్నాడు. అమ్మకి అప్పటికి నలుగురు పిల్లలు. నేను ముందుకెళ్ళి, "ఆవిడ పేరు మిసెస్ రోజెట్టా గిడియన్" అన్నాను. అంతే అన్నాను. కొట్లో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. అమ్మ వాడికి దణ్ణం పెట్టినంత పనిచేసి, పిండి కూడా తీసుకోకుండా నన్ను లాక్కొచ్చింది. ఇంటికొచ్చి గరిటె అందుకుంది. కొడుతూ ఏడ్చింది. "వాళ్ళు నిన్ను చంపేస్తారు, వాళ్ళ చేతిలో పడకముందు నా చేతిలో పడు" అంది. అది కోపం కాదు, భయం. అది నాకు తెలుసు కాబట్టే ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆమెని తప్పుపడతారు, లేకపోతే నవ్వుతారు. రెండూ నాకు వద్దు.

ఆ తర్వాత నేను ఆమె పేరు ఎవరి ముందూ పైకి అనలేదు. ఆమె సమాధి రాయి మీది పేరు చదవమన్నప్పుడు కూడా నా నోరు పెగల్లేదు, మీ నాన్నే చదివాడు.

ఇప్పుడు ఈ పిల్ల, పదమూడేళ్ళది, నీ గదిలో కూర్చుని, ఒక పెద్దమనిషి ముఖం మీదే తన పేరు చెప్పింది. ఎవరూ ఆమెని లాక్కెళ్ళలేదు. అమ్మమ్మ పక్కనే కూర్చుని వింది. ఇది చదివి నాకు ఎంత సంతోషమయిందో నీకు చెప్పలేను. కుళ్ళు కూడా పుట్టింది. అది కూడా రాస్తున్నాను, ఉత్తరంలో అబద్ధమెందుకు.

గరిటె సంగతి. మీ బడి తోటలో మట్టి ఉందిగా? ఈ కవరులో బెండ గింజలున్నాయి, అమ్మ వేసిన రకమే. వానలు తగ్గాక వేయించు. వరుస మొదట్లో గరిటెని తలకిందులుగా పాతి, పిడి మీద "బెండ" అని రాయించు. ఎన్నో బెండకాయల్ని కలిపింది అది, వాటి మధ్య ఎండకి ఎండి, వానకి తడిసి, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ. పెట్టెలోకి మాత్రం రాకూడదు.

జూన్‌లో వస్తున్నాను. టిక్కెట్టు కొన్నాను, వద్దనకు. వచ్చి రెండు పనులు చేస్తాను. నీకు పౌండ్ కేకు నేర్పుతాను. తర్వాత నీ గదిలో ఒక కుర్చీ నాకు వెయ్యాలి, జమైరా పక్కన. వర్డెల్ గారిని కూడా పిలువు. మీ నాన్నని కూడా రమ్మను, వాడు వినాలి. ఆ గులకరాయి నా చేతికి వచ్చాక ఎవరూ తొందరపెట్టకూడదు, నాకు కాస్త ఆలస్యమవుతుంది.

నీ పేరు ఎవరు పెట్టారని అడుగుతారుగా ముందు? అది తేలికే. మా అమ్మ పెట్టింది. ఆవిడ పేరు మిసెస్ రోజెట్టా గిడియన్. అక్కణ్ణించి మొదలుపెడతాను.

మీ అత్త
ఆల్తియా